రోబోటిక్స్ టీమ్‌లో మెంటర్ ఎక్కడ ఆగాలి, స్టూడెంట్ ఎక్కడ అందుకోవాలి: ఒక సమగ్ర మార్గదర్శి

పోటీ రెండో రోజు పిట్‌లో (టీములు రోబోలని బాగుచేసుకునే చోటు) మా రోబో పక్కన నిలబడిన పదో తరగతి కుర్రాణ్ణి జడ్జి ఒకావిడ అడిగింది: "ఈ చేయి పైకి లేచేటప్పుడు చివర్లో నెమ్మదిస్తోంది కదా, అది ఎలా చేశారు?" చాలా సులువైన ప్రశ్న. చేయి కోడ్ వాడిదే అని మా టీమ్ షీట్‌లో రాసి ఉంది. వాడు నోరు తెరిచి, కాసేపు నీళ్లు నమిలి, మెల్లిగా తల తిప్పి నా వైపు చూశాడు. ఎందుకంటే ఆ కోడ్ వాడిది కాదు. అంతకుముందు గురువారం రాత్రి ఒంటిగంటన్నరకి, ఇంట్లో అందరూ పడుకున్నాక, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని "కొంచెం శుభ్రం చేద్దాం" అని మొదలుపెట్టి మొత్తం తిరగరాసింది నేను. చేయి బ్రహ్మాండంగా పనిచేసింది. వాడి మొహమే చూడలేకపోయాను.

ఆ మొహం నాకు బాగా తెలుసు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్‌కి మా నాన్న, బాబాయి కలిసి థర్మోకోల్‌తో నాగార్జునసాగర్ డ్యామ్ చేసిచ్చారు, చిన్న పంపు పెడితే నిజంగానే నీళ్లు పారేవి. చూడటానికొచ్చిన పెద్దాయన ఒకరు "బాబూ, సాగర్‌కి గేట్లెన్ని?" అని అడిగారు. 26 అని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు మాత్రం మోడల్లో ఉన్నవి వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను, థర్మోకోల్ అయిపోయి బాబాయి 18 దగ్గర ఆపేశాడన్న సంగతి నాకు తెలీదు. 18 అని చెప్పాను కూడా.

ముప్ఫై ఏళ్ల తర్వాత టెక్సస్‌లో అదే పని ఇంకొకరి పిల్లాడికి చేశాను. ఇప్పుడు మెంటర్‌గా ఐదో ఏడు. ఈ ఐదేళ్లలో మా టీమ్‌లో నిలబడిన పద్ధతి ఇది. కొత్తగా మెంటర్ అవుతున్న తల్లిదండ్రుల కోసం, ఇంజనీర్ల కోసం రాస్తున్నాను, కానీ టీమ్ క్యాప్టెన్లు చదివి మీ మెంటర్లకి చూపించినా నాకు సంతోషమే.

ముందు ఆట గురించి, తెలియనివాళ్ల కోసం

నేను చెబుతున్నది ఎఫ్‌ఆర్‌సీ, అంటే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ గురించి. డీన్ కామెన్ అనే ఆవిష్కర్త 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టాడు, 1992లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక హైస్కూల్ జిమ్‌లో 28 టీములతో ఈ పోటీ మొదలైంది. ఇప్పుడు మూడు వేల పైచిలుకు టీములున్నాయి. జనవరి మొదట్లో కిక్ఆఫ్ రోజున ఆ ఏటి ఆట ఏంటో చెబుతారు, అప్పట్నుంచి పరుగు. బ్యాటరీ, బంపర్లు కాకుండానే వంద పౌండ్లు దాటే రోబో తయారవుతుంది. మ్యాచ్ సుమారు రెండున్నర నిమిషాలు, అటు మూడు టీములు ఇటు మూడు టీములు. మొదటి కొన్ని సెకన్లు రోబో తనంతట తానే నడవాలి, తర్వాత పిల్లలు నడుపుతారు. బాగా ఆడితే ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఛాంపియన్‌షిప్.

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో, బే ఏరియాలో, న్యూజెర్సీలో ఈ టీముల పిట్ పక్కన నిలబడితే తెలుగు వినిపించకుండా ఉండదు. మనవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఎక్కువ, పిల్లల చదువంటే టెన్షన్ ఎక్కువ, చేతులు ఊరుకోవు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

1. పోటీ రోజు నుంచి వెనక్కి లెక్కేయండి

"పిల్లలు ఎంత చెయ్యాలి, పెద్దలు ఎంత చెయ్యాలి" అని గాల్లో వాదించుకుంటే ఎప్పటికీ తేలదు. ఎఫ్‌ఆర్‌సీలో ఈ గొడవ ఏటా నడుస్తూనే ఉంటుంది, ఫలానా టీమ్ రోబో అంతా పెద్దవాళ్లే చేశారట అని గుసగుసలు. నేను ఆ వాదనలోకి వెళ్లడం మానేశాను. దాని బదులు గేమ్ మాన్యువల్ తెరిచి, పోటీలో ఎవరు నోరు విప్పాలని రాసుందో చూడండి.

రిఫరీ నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే మైదానం మూలనున్న క్వశ్చన్ బాక్స్‌లోకి వెళ్లి నిలబడాల్సింది మ్యాచ్‌లో రోబోని నడిపే డ్రైవ్ టీమ్‌లోని ఒక స్టూడెంట్, ఒక్కరే. మెంటర్‌కి ఎంత కోపమొచ్చినా బయటే. రోబో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు కనీసం ఒక స్టూడెంట్ పక్కన ఉండాలి. జాయ్‌స్టిక్ పట్టుకునేది, ఆట వస్తువులు అందించేది, రోబోని మైదానంలో సరిచేసే టెక్నీషియన్, అందరూ స్టూడెంట్లే. డ్రైవ్ కోచ్ ఒక్కరు మాత్రం పెద్దవాళ్లు కావచ్చు, అదీ మాటే, కంట్రోల్స్ ముట్టుకోకూడదు. టీమ్ తన చుట్టూ తెచ్చిన మార్పుకి ఇచ్చే ఇంపాక్ట్ అవార్డు గదిలో మాట్లాడేది పిల్లలే, మెంటర్ ఒకరు లోపల కూర్చోవచ్చు కానీ పెదవి కదపకూడదు. పిట్‌కి వచ్చే జడ్జిలు కూడా పిల్లల్నే అడుగుతారు. రూల్స్ ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు లెక్క సులువు. మార్చిలో, పోటీ రోజున, జడ్జి ప్రశ్నకి ఎవరు జవాబు చెప్పాలో, జనవరిలో ఆ నిర్ణయం వాళ్ల చేతిలో ఉండాలి. రాత్రి పదకొండింటికి "ఇది నేను చేసేయనా?" అని మీకు అనిపించినప్పుడు "రేపు ఇది విరిగితే పిట్‌లో ఎవరు చెప్పాలి?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబులో మీ పేరు లేకపోతే ల్యాప్‌టాప్ మూసేయండి.

2. మొదటి వారంలోనే కాగితం మీద పెట్టండి

కిక్ఆఫ్ అయిన వారంలో మేము గోడకి ఒక పెద్ద షీట్ అంటిస్తాం. చక్రాలు, చేయి, పట్టు, వైరింగ్, కోడ్, బంపర్లు, స్కౌటింగ్ (మిగతా టీముల ఆట చూసి అంకెలు రాసుకోవడం), స్పాన్సర్లు, ఒక్కోదానికీ ఒక వరస. ప్రతి వరసలో నిర్ణయం ఎవరిది, చేసేది ఎవరు, అడగాల్సింది ఎవర్ని అని మూడు గళ్లు. మొదటి రెండింట్లో స్టూడెంట్ పేర్లే ఉంటాయి. మూడో గడిలో మెంటర్ పేరు ఉండొచ్చు. అడగాల్సింది అంటే అడిగినప్పుడు చెప్పేవాడు, అడక్కముందే చెప్పేవాడు కాదు, ఈ ఒక్క తేడా ఇంగ్లీష్‌లో, తెలుగులో, చివరికి బొమ్మ వేసి కూడా చెప్పాల్సి వచ్చింది మా మెంటర్లకి.

నాలుగో గడి పెన్సిల్‌తో రాస్తాం. అందులో ఆ పని ఏ మెట్టు మీద ఉందో ఉంటుంది: పెద్దవాళ్లు చేస్తుంటే పిల్లలు చూస్తున్నారా, ఇద్దరూ కలిసి చేస్తున్నారా, పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనున్నారా, లేక పెద్దవాళ్లు ఆ గదిలోనే లేరా. ప్రతి శనివారం దాన్ని చెరిపి రాస్తాం. తొమ్మిదో తరగతి పిల్ల మొదటిసారి క్రింప్ కొడుతుంటే (తీగ చివర కనెక్టర్ నొక్కి బిగిస్తుంటే) మొదటి మెట్టు తప్పేమీ కాదు. మూడు వారాలైనా అదే మెట్టు మీద ఉంటే మాత్రం తప్పు ఆ పిల్లది కాదు, నేర్పేవాళ్లది.

3. పెద్దవాళ్లు వదలకూడనివి

ఇక్కడ బేరం లేదు. భద్రత, డబ్బు, ప్రయాణాలు, పిల్లల రక్షణ పెద్దవాళ్లవే. అమెరికాలో ప్రతి టీమ్‌కీ ఇద్దరు లీడ్ మెంటర్లు బ్యాక్‌గ్రౌండ్ స్క్రీనింగ్ పాసవ్వాలి, ఊరికే పెట్టిన రూల్ కాదది. ఒక పిల్లతో ఒక పెద్దమనిషి తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎంత మంచివాళ్లైనా సరే.

బ్యాండ్‌సా, లేత్ లాంటి కోత యంత్రాల మీద మొదటిసారి నిలబడేటప్పుడు పక్కన ఉండండి. బ్యాటరీ 12 వోల్టులే కదా అని పిల్లలు చులకన చేస్తారు. మెయిన్ బ్రేకరే 120 ఆంపియర్లది, అలాంటి బ్యాటరీ టెర్మినల్స్ మధ్య స్పానర్ పడితే ఏమవుతుందో నేను చూశాను, స్పానర్‌కి గుంట పడింది. న్యూమాటిక్స్, అంటే గాలి ఒత్తిడితో నడిచే భాగాల ట్యాంకులో 120 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 120 పౌండ్లు) దాకా ఒత్తిడితో గాలి ఉంటుంది, లాగి పట్టిన స్ప్రింగులు, ఎలాస్టిక్ ట్యూబులు కూడా అంతే ప్రమాదం. వీటి దగ్గర "వాళ్లే నేర్చుకుంటారులే" అనే పెద్దమనిషి నాకు నచ్చడు. సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకోనివాడు ఎంత బాగా పనిచేసేవాడైనా బయటికి వెళ్లాల్సిందే, మెంటరైనా.

4. చేతులు ఆపుకోవడం ఎలా

అసలు కష్టం ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో ఒక శనివారం. పదకొండో తరగతి అమ్మాయి, మా వైరింగ్ లీడ్, రోబో పక్కన నేల మీద కూర్చుంది. నాలుగు చక్రాల్లో ఒకటి తిరగట్లేదు, మోటార్ కంట్రోలర్ లైటు తేడాగా మెరుస్తోంది. నేను ఐదడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, అక్కణ్ణుంచే నాకు కనిపిస్తోంది: మోటార్ కంట్రోలర్లకి ఆదేశాలు మోసే క్యాన్ బస్ జంట తీగల్లో, ఆ పసుపూ ఆకుపచ్చా ఉంటాయి చూడండి, పసుపుది కనెక్టర్ నుంచి కాస్త బయటికి జారింది. బియ్యపుగింజంత రాగి మెరుస్తోంది. చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. పక్కనున్న కుర్రాడు మడత కుర్చీ ఒకటి చప్పుడయ్యేలా నా వెనక పెట్టి "కుర్చీ, అంకుల్" అన్నాడు. (ఈ కుర్చీ కథ తర్వాత చెబుతాను.) కూర్చున్నాను.

ఆ అమ్మాయి ముందు బ్యాటరీ మార్చింది. పని చెయ్యలేదు. కోడ్ మళ్లీ ఎక్కించింది. పని చెయ్యలేదు. మోటార్ని అనుమానించింది, పక్క చక్రానిది తెచ్చి పెడదామా అంది. నాకు లోపల ప్రాణం పోతోంది. అప్పుడు ఒక్కటే అడిగాను: "నిన్న పనిచేసింది కదా, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య రోబోకి ఏమైంది?" కాసేపు ఆలోచించి, "వ్యాన్ ఎక్కించి దించాం" అంది. అంతే, మల్టీమీటర్ పక్కన పెట్టి ఒక్కో తీగనీ రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టింది. మొత్తం 22 నిమిషాలు పట్టింది. పసుపు తీగ దొరికింది. కానీ ఆపలేదు, రోబో మొత్తం లాగి చూసింది, ఇంకో రెండు వదులుగా ఉన్నవి దొరికాయి. అవి నాకు కనబడలేదు. నేను చెయ్యి పెట్టి ఉంటే ఒక్కటి బిగించి హీరోలా లేచి నిలబడేవాణ్ణి, మిగతా రెండూ మ్యాచ్ మధ్యలో ఊడేవి. ప్రతి మ్యాచ్‌కి ముందు తీగలు లాగి చూడటం అప్పట్నుంచి మా చెక్‌లిస్ట్‌లో మొదటి లైను, ఆ లైను రాసింది కూడా తనే.

దీన్నుంచి మేము పెట్టుకున్న అలవాట్లు కొన్ని. పిల్లల చేతిలోంచి పనిముట్టు గానీ మౌస్ గానీ అడక్కుండా తీసుకోకూడదు. అడిగే ప్రశ్నలో జవాబు దాచకూడదు, "ఆ పసుపు తీగ చూశావా?" అనేది ప్రశ్న కాదు, వేలు పెట్టి చూపించడమే. పనికొచ్చే ప్రశ్నలు మూడు నాలుగే: ఏం మారింది, ఇప్పటిదాకా ఏం కాదని తేల్చావు, సగానికి విడగొట్టి చూడాలంటే ఎక్కడ విడగొడతావు, ఇది ఇంతకుముందు ఎవరికి తెలుసు. సమస్య వచ్చాక ఇరవై నిమిషాలు మెంటర్ నోరు మూసుకోవాలి, ఇది గడియారం చూసి పాటించండి, లేకపోతే మీకు రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తాయి.

మరి చెయ్యి పెట్టాల్సింది ఎప్పుడు? ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే, వెంటనే. ఖరీదైనది కాలిపోయేలా ఉంటే, వెంటనే. పోటీలో తర్వాతి మ్యాచ్‌కి పావుగంటే ఉండి, రెండు ప్రయత్నాలు పోయి, పిల్లలే వచ్చి అడిగితే, అప్పుడూ పెట్టండి, కానీ చేస్తున్నదంతా పైకి చెబుతూ చెయ్యండి, సాయంత్రం అదే భాగాన్ని వాళ్లు విప్పి మళ్లీ బిగించాలి.

5. కోడ్, క్యాడ్: కనబడని చోట జరిగే దొంగతనం

మెషిన్ షాపులో, అంటే వర్క్‌షాప్‌లో, మెంటర్ పని లాక్కుంటే పదిమందికి కనిపిస్తుంది. కోడ్‌లో కనబడదు. అందుకే సాఫ్ట్‌వేర్ మెంటర్లం మనమే ఎక్కువ పాపం చేస్తాం. మన ఆఫీసు అలవాట్లు కూడా తోడవుతాయి, వంద లైన్లలో అయ్యేది నాలుగొందల లైన్లలో రాసి ఉంటే నిద్రపట్టదు.

మా రూలు: మెంటర్ టీమ్ రెపోలో (కోడ్ అంతా దాచే చోటు) ఒక్క లైను కూడా పుష్ చెయ్యకూడదు, అంటే చేర్చకూడదు. అనుమతులే తీసేశాం, ఎందుకంటే నా మీద నాకు నమ్మకం లేదు. రివ్యూ చెయ్యొచ్చు, "ఈ లైను ఎందుకు?", "సెన్సార్ ఊడితే ఇక్కడ ఏమవుతుంది?" అని రాయొచ్చు. ఏదైనా నేర్పాలంటే రోబోతో సంబంధం లేని చిన్న ఉదాహరణ వేరే రాసి చూపిస్తాం, ఉదాహరణకి పీఐడీ (మోటార్ అనుకున్న చోట ఆగేలా చూసే లెక్క) గురించి చెప్పాలంటే బల్ల మీద ఒక్క మోటార్ పెట్టి. దాన్ని చేయికి ఎలా వాడాలన్నది వాళ్లిష్టం. వాళ్లు రాసింది వికారంగా ఉండి పనిచేస్తుంటే వదిలేయండి. వికారంగా ఉండి ప్రమాదకరంగా ఉంటే మాత్రం ఆపి మాట్లాడండి.

ఇప్పుడు ఇంకో కొత్త మెంటర్ వచ్చాడు, అర్ధరాత్రి ఒంటిగంటకి అడిగినా విసుక్కోకుండా మొత్తం కోడ్ రాసిచ్చే ఏఐ. నిషేధించడం కుదరదు, మేము ప్రయత్నించి నవ్వులపాలయ్యాం. దానికీ అదే రూలు పెట్టాం: రాసింది ఎవరైనా, ఆ లైను తొమ్మిదో తరగతి పిల్లకి వివరించలేనివాడు దాన్ని మెయిన్ బ్రాంచ్‌లో, అంటే టీమ్ అసలు కోడ్‌లో, కలపకూడదు.

క్యాడ్‌లోనూ (కంప్యూటర్ మీద భాగాల డిజైన్ గీయడం) అంతే, మౌస్ మెంటర్ చేతికి వెళ్లిన క్షణం నుంచి డిజైన్ మెంటర్‌ది అయిపోతుంది. వైట్‌బోర్డ్ మీద గీసి చెప్పండి. అంతకంటే మంచిది ప్లైవుడ్ ముక్కా పీవీసీ పైపూ ఇచ్చి మొదటి వారంలోనే చేసి చూడమనడం. మీరు "ఇది జామ్ అవుతుంది" అని పదిసార్లు చెప్పినదానికంటే ఒక్కసారి జామ్ అయితే బాగా అర్థమవుతుంది, అదీ జనవరి రెండో వారంలో అయితే ఖర్చు ఒక ప్లైవుడ్ ముక్క.

6. శనివారం ఐదు నిమిషాలు

భోజనాలయ్యాక ఒక స్టూడెంట్ తన భాగం గురించి వేరే గ్రూపు పిల్లలకి ఐదు నిమిషాలు చెబుతాడు. మెంటర్లందరూ గది బయట. అంతే. ఎక్కడ నీళ్లు నమిలారో పిల్లలే వచ్చి చెబుతారు, ఆ వారం అక్కడ నేర్పుతాం. జడ్జి ముందు నా వైపు తిరిగిన ఆ మొహం మళ్లీ చూడకుండా ఉండటానికి మేము చేసినవాటిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ పనిచేసింది ఇదే.

7. నేర్పేది జనవరిలో కాదు, ఆగస్టులో

2020 సీజన్‌కి ముందు వరకూ ఆరు వారాల్లో రోబో పూర్తిచేసి సంచిలో పెట్టి సీల్ వెయ్యాల్సి వచ్చేది. ఆ రూలు తీసేశాక చాలామంది ఊపిరి పీల్చుకున్నారు, కానీ ఆగిపోయే రోజంటూ లేకపోవడంతో పని మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. మెంటర్లు అలిసిపోతారు, అలిసిపోయిన మెంటర్ "నేను చేస్తే పావుగంట, వీడు చేస్తే రెండు గంటలు" అనే లెక్కలోకి వెళ్తాడు. ఆ లెక్క ప్రతిసారీ కరెక్టే, అదే దాని చిక్కు.

కాబట్టి ఆగస్టు నుంచి డిసెంబరు వరకూ, పోటీ లేని నెలల్లో, పాత రోబోని మొత్తం విప్పించి మళ్లీ వైరింగ్ చేయించండి. ఆ రోజుల్లో ఏది పాడైనా ఎవరూ ఏడవరు. సీజన్‌లో మాత్రం వారానికి ఒక రోజు షాపు మూసెయ్యండి, మెంటర్ల ఇళ్లలో వాళ్లకీ భార్యాపిల్లలున్నారు.

8. "అంకుల్" అన్న పిలుపు, సొంత బిడ్డ, ఇంకా కుర్చీ

తెలుగు పిల్లలు నన్ను అంకుల్ అంటారు, మిగతావాళ్లు మిస్టర్ అని ఇంటిపేరుతో పిలుస్తారు. మిస్టర్ అన్నవాళ్లు నాతో వాదిస్తారు. అంకుల్ అన్నవాళ్లు తల ఊపుతారు, నేను తప్పు చెప్పినా సరే. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని మనమే నేర్పాం కదా. ఒకసారి గేర్ రేషియో తప్పు లెక్కేసి చెప్పాను, తప్పని కనిపెట్టిన కుర్రాడు రెండు వారాలు నోరెత్తలేదు, భాగాలు ఆర్డర్ చేశాక బయటపడింది. "ముందే ఎందుకు చెప్పలేదురా?" అంటే "మీరు చెప్పారు కదా అంకుల్" అన్నాడు.

కుర్చీ ఆ తర్వాత పుట్టింది. షాపులో ఒక మడత కుర్చీ ఉంటుంది. మెంటర్ అతి చేస్తున్నాడని ఏ స్టూడెంట్‌కి అనిపించినా మాటా మంతీ లేకుండా కుర్చీ తెచ్చి ఆయన వెనక పెట్టొచ్చు. ఆయన కూర్చోవాలి, వాదించకూడదు, పది నిమిషాలు లేవకూడదు. మొదట్లో ఒక తెలుగు కుర్రాడు "కుర్చీ" అన్నాడు, ఇప్పుడు మా టీమ్‌లో కొరియా పిల్లలు, మెక్సికో పిల్లలు అందరికీ ఆ ఒక్క తెలుగు మాట వచ్చు. నోటితో "మీరు పక్కకి తప్పుకోండి" అనలేని పిల్లలకి కుర్చీ మొయ్యడం సులువు. మీ టీమ్‌లో ఇంకేదైనా పెట్టుకోండి, కానీ మాట అవసరం లేని సైగ ఒకటి తప్పక ఉండాలి.

సొంత బిడ్డ ఉన్న గ్రూపుకి మెంటర్‌గా ఉండకండి. నేను కోడ్ చూస్తే మా అమ్మాయి మెకానికల్‌కి వెళ్లింది, ఇంట్లో భోజనాల దగ్గర రోబో మాట ఎత్తకూడదని మా ఆవిడ రూలు పెట్టింది, ఆ రూలు నేనే ఎక్కువసార్లు తప్పాను. డ్రైవర్ని ఎంచుకునేటప్పుడు ఆ పోటీలో పిల్లలున్న తల్లిదండ్రులు గదిలో ఉండకూడదు. స్టాప్‌వాచ్ పెట్టి, అందరికీ ఒకే దారి ఇచ్చి, అంకెలు గోడ మీద పెట్టండి. క్యాప్టెన్ పదవి గురించి కూడా ఒక మాట. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఆ పేరు కావాలని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో లాబీయింగ్ నడుస్తుంది, నడవదని అనకండి. పిల్లల ఓటు, మెంటర్ల ఇంటర్వ్యూ రెండూ కలిపి తేల్చండి, ఫోన్లు ఎత్తకండి.

9. రెండో చివర: చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం

ఇదంతా చదివి "అయితే మేం అసలు ముట్టుకోం, అంతా పిల్లలే" అని గర్వంగా చెప్పుకునే మెంటర్లూ ఉంటారు. అలాంటి రోబోలు మైదానం మధ్యలో కదలకుండా రెండున్నర నిమిషాలు నిలబడటం చూశాను. ఆ పిల్లల మొహాలూ నాకు గుర్తే. ఒక్క పెద్దమనిషి అక్టోబరులో కూర్చోబెట్టి క్రింప్ ఎలా కొట్టాలో చూపించి ఉంటే సరిపోయేది.

పిల్లలు నిజమైన ఇంజనీర్ల పక్కన నిలబడి పనిచెయ్యాలన్నది ఈ పోటీ పుట్టుకలోనే ఉంది. ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ పేరుతో మెంటర్లకి ఒక అవార్డు ఉంది, దానికి నామినేట్ చేస్తూ రాసేది స్టూడెంట్లే. కాబట్టి పక్కన ఉండండి. మీకు తెలిసింది దాచుకోకండి. పిల్లలు ఒక లెక్కలో ఇరుక్కుంటే మీ ఉద్యోగంలో మీరు అలాంటిదాన్ని ఎలా విప్పారో చెప్పండి, మీరు తప్పు చేసిన రోజులు కూడా చెప్పండి. వాళ్ల ఎదురుగా ఒక పని మొత్తం చేసి చూపించడం కూడా నేర్పడమే, అది రోబో మీదకి వెళ్లే భాగం కానంతవరకూ.

10. పోటీ రోజున

పిట్‌లో ఒక సమయానికి మెంటర్ ఒక్కరే. ఆ ఒక్కరూ కూడా జడ్జి కనబడగానే నీళ్ల బాటిల్ కోసం వెళ్లిపోవాలి. మా టీమ్‌లో అందరికీ ఆ రోజు విపరీతమైన దాహం.

డ్రైవ్ కోచ్ విషయంలో టీములు రెండు రకాలు. పెద్దవాళ్లు ఉంటే కంగారు పడరు, మిగతా టీములతో వ్యూహం మాట్లాడేటప్పుడు బరువు ఉంటుంది అంటారు. నిజమే. మేం కూడా మొదటి రెండేళ్లు మెంటర్‌నే పెట్టాం. తర్వాత స్టూడెంట్‌కి ఇచ్చాం, ఆ ఏడు రెండు మ్యాచ్‌లు కచ్చితంగా అందువల్లే పోయాయి, అయినా వెనక్కి వెళ్లలేదు. ఎందుకంటే మెంటర్ కోచ్‌గా ఉన్నన్నాళ్లూ డ్రైవర్లు మైదానాన్ని చూడకుండా ఆయన గొంతు వింటూ ఆడేవాళ్లు. కొత్త టీమ్ అయితే మొదటి ఏడు పెద్దవాళ్లని పెట్టుకోండి, కానీ పక్కన ఒక స్టూడెంట్‌కి ఆ ఏడాదంతా నేర్పుతూ ఉండండి.

అలయెన్స్ సెలెక్షన్‌కి, అంటే చివరి మ్యాచ్‌లకి జట్టు కట్టే టీముల్ని ఎంచుకోవడానికి, మైదానంలోకి వెళ్లేది స్టూడెంటే, వాళ్ల చేతిలో ఉండే జాబితా కూడా స్కౌటింగ్ చేసిన పిల్లలదే అయ్యుండాలి. ముందురోజు రాత్రి హోటల్ లాబీలో పిజ్జా తింటూ ఆ జాబితా మీద పిల్లలు కొట్టుకుంటుంటే మెంటర్ అడగదగ్గ ప్రశ్న ఒక్కటే: "మీ అంకెలు ఏం చెబుతున్నాయి?" ఓడిపోయాక మాత్రం ఏమీ అడక్కండి. కార్లో పాటలు పెట్టండి.

11. సీజన్ అయిపోయాక

మే నెలలో గోడ మీది షీట్ తీసి ముందేసుకుని కూర్చోండి. సీజన్ చివరికి కూడా మెంటర్ చేస్తే పిల్లలు చూస్తున్న మెట్టు మీదే మిగిలిపోయిన పనులు ఏవో చూడండి. మాకు మొన్న మూడు మిగిలాయి: స్వెర్వ్ మాడ్యూల్ (ఏ దిక్కుకైనా తిరిగే చక్రం) అసెంబ్లీ, బడ్జెట్ స్ప్రెడ్‌షీట్, విజన్ కెమెరా క్యాలిబ్రేషన్. ఆగస్టు పాఠాలు ఆ మూడే.

పాస్ అయిపోయి కాలేజీకెళ్లిన పిల్లలు మెంటర్లుగా తిరిగొస్తారు. వీళ్లు బంగారం, కానీ వీళ్లతోనే ఎక్కువ జాగ్రత్త. పోయినేడాది దాకా డ్రైవర్‌గా ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఉన్నట్టుండి జాయ్‌స్టిక్ ముట్టుకోవద్దంటే ఎలా ఉంటుంది? మొదటి ఏడు వాళ్లకి తాము వదిలిన పని కాకుండా వేరేది ఇవ్వండి, డ్రైవర్‌కి స్కౌటింగ్, కోడ్ రాసినవాడికి బంపర్లు. చేతికి రాని పని దగ్గర వాళ్లంతట వాళ్లే ప్రశ్నలు అడుగుతారు.

జడ్జి ముందు నా వైపు చూసిన ఆ కుర్రాడు ఈ ఆగస్టులో అలాగే తిరిగొచ్చాడు. నేను ముందు వాడికి క్షమాపణ చెప్పి, తర్వాత బంపర్లు అప్పగించాను. మొదటి శనివారం మధ్యాహ్నానికల్లా కోడ్ గ్రూపు దగ్గరికి జారుకుని ఒక పిల్ల కీబోర్డు మీదకి వంగాడు. కుర్చీ చప్పుడు షాపు అంతా వినిపించింది. ఈసారి నేను తిరిగి చూస్తే అందులో వాడు కూర్చున్నాడు, నవ్వుతూ, ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయని గడియారం చూపిస్తూ.